ఓర్పు కాదండీ, ఎదురాట!

మన ఆడవాళ్ళకి ఈ లోకంలో ఉచితంగా దొరికే వస్తువు ఒక్కటుంది. అది మెచ్చుకోలు. అందులోనూ ఒకే ఒక్క రకం మెచ్చుకోలు. "అబ్బ, ఆవిడకి ఎంత ఓర్పండీ!" అని. మంచినీళ్ళ పంపు దగ్గర గంటసేపు నిలబడితే ఓర్పు. పెళ్ళివారందరూ తిని చేతులు కడుక్కున్నాక మూడుగంటలకి చల్లారిన పులుసన్నం తింటే ఓర్పు. ఆడబిడ్డగారు దెప్పిపొడిస్తే చెవిటిదానిలా ఊరుకుంటే మరీ ఓర్పు. పురిటినొప్పుల దగ్గరనుంచి కరెంటు బిల్లు క్యూ దాకా మన ఘనత అంతా ఆ రెండక్షరాల్లో ఇమిడిపోతుంది. పోనీ, ఇన్నాళ్ళూ భరించాం కదా, ఇంకొన్నాళ్ళు భరిద్దాం అనుకుంటే, ఇప్పుడు చదరంగంలో గెలిచినా ఓర్పేనట! ఇదిగో, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

సంగతేమిటంటే, మాది చిలకలూరిపేట పక్కన పల్లెటూరు. మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. జిల్లా పేరు మారింది గాని నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప. పోయిన సంక్రాంతికి మా మరిది హైదరాబాదునుంచి పిల్లలతో వచ్చాడు. కనుమనాడు మధ్యాహ్నం గారెలు తిని, కునుకు తీసి లేచి, మా అబ్బాయి చదరంగం బల్ల చూసి, "వదినా, ఒక ఆట వేద్దామా? తెల్లపావులు నేను తీసుకుంటాను, మీరు కాచుకుంటూ ఉండండి" అన్నాడు. చిన్నప్పుడు మా నాన్నగారు నేర్పిన ఆట నాకు. కాచుకోవడం అంటే ఏమిటో కొంచెం తెలుసు. సరే కూర్చున్నాను.

అతను రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు దూకించాడు. నేను నా రాజు ముందున్న బంటుని ఒక్క గడి జరిపాను. "అదేమిటి వదినా, బంటు నడకలో కూడా పొదుపేనా?" అని నవ్వాడు. పొదుపు కాదు, దాన్ని ఫ్రెంచి డిఫెన్సు అంటారు. 1834లో లండన్ వాళ్ళూ పారిస్ వాళ్ళూ ఉత్తరాల మీద చదరంగం ఆడారు. ఎత్తుకొక ఉత్తరం. రెండేళ్ళు నడిచింది ఆ ముచ్చట. లండన్ వాళ్ళు రాజు ముందు బంటుని రెండు గళ్ళు దూకించామని రాస్తే, పారిస్ వాళ్ళు మేం ఒక్క గడే జరిపామని జవాబు రాశారు. చివరికి గెలిచింది పారిస్ వాళ్ళే. అప్పటినుంచీ ఆ ఒక్క గడి నడకకి ఆ పేరు స్థిరపడింది.

మా ఆటలో తరవాత అతను మంత్రి ముందున్న బంటునీ రెండు గళ్ళు తోశాడు. నేనూ తోశాను. అతను ముందు బంటుని ఇంకో గడి నెట్టి నా ఇంటి గుమ్మందాకా తెచ్చాడు. ఇప్పుడు నా గుర్రానికి కూర్చోవలసిన చోట కూర్చునే వీలు లేదు. నా పావులన్నీ ఇరుకింట్లో చుట్టాల్లా ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నాయి. చూసేవాళ్ళెవరైనా "పాపం, ఆవిడ ఓర్చుకుంటోంది" అనే అనుకుంటారు.

ఓర్చుకోవడం లేదండీ! అసలు ఆట ఇక్కడే మొదలైంది. గుమ్మంలోకొచ్చి కూర్చున్న ఆ బంటు జోలికి నేను వెళ్ళలేదు. దాన్ని మోస్తున్న వెనకబంటు ఉంది చూశారూ, దాని మీదికి పక్కనుంచి నా బంటుని పంపాను. ఆ వెనక నా గుర్రం, ఆ వెనక నా మంత్రి, ముగ్గురూ కలిసి ఆ ఒక్క బంటునే గురిపెట్టారు. తుంగ పెరిగిన చేలో కలుపు తీసిన ప్రతి ఆడదానికీ ఈ కిటుకు తెలుసు. పైన పచ్చగా కనిపించే ఆకు కోస్తే నాలుగురోజుల్లో మళ్ళీ లేస్తుంది. లోపల గడ్డ తవ్వి తియ్యాలి. ఫ్రెంచి డిఫెన్సు అంతా ఈ తుంగగడ్డ తవ్వడమే.

అయితే ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఆ వెనకబంటుని తొందరపడి కొట్టానా, గుర్రాలు రెండూ పోతాయి, నా మంత్రి నడిబజారులో నిలబడుతుంది, అప్పుడు అతని శకటు ఐమూలగా వచ్చి నా రాజుకి షా చెబుతుంది. నేను రాజుని కాచుకునేలోగా నా మంత్రి గోవిందా! అందుకని ముందు ఏం చెయ్యాలి? నా ఇంట్లో మూలన ఒక శకటు ఉంది. నా బంట్లే అడ్డం కావడం వల్ల ఎటూ కదల్లేక ముడుచుకుని కూర్చున్న శకటు. దాన్ని ఒక్క గడి ముందుకి జరిపాను. "ఇదీ ఒక ఎత్తేనా?" అన్నట్టు చూసి మా మరిది రాజుకి కోట కట్టుకున్నాడు. అంతే, షా చెప్పే దారి మూసుకుపోయింది గనక ఈసారి ఆ బంటుని నిక్షేపంగా కొట్టేశాను. పెద్ద ఆటగాళ్ళు ఆ బంటుని కావాలనే వదిలి, బదులుగా దాడికి దిగుతారు. మా మరిది మాత్రం చూసుకోక వదిలాడు. ఆ ఒక్క బంటు తేడాతోనే ఆట సాగింది. పావులు ఒక్కొక్కటే రాలిపోయాక ఆఖర్న నా బంటు ఒకటి అవతలి ఒడ్డుకి చేరి మంత్రి అయింది. అతను ఓడినట్టు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని ఏమన్నాడో తెలుసా? "ఎంతైనా మీ ఆడవాళ్ళకి ఓర్పెక్కువ వదినా! అందుకే డిఫెన్సు మీకు అంత బాగా అబ్బుతుంది." పేపరు చాటునుంచి శ్రీవారు "ఆ మాట నిజం" అని సంతకం పెట్టేశారు.

మా మరిది చెడ్డవాడు కాడు. మెచ్చుకుందామనే అన్నాడు. కాని మెచ్చుకుంటూనే నా గెలుపు లాగేసుకున్నాడని అతనికి తెలియదు. అతను గెలిచి ఉంటే "బుర్ర" అనేవారు. నేను గెలిస్తే "ఓర్పు". బుర్ర ఉపయోగిస్తేనే గదా ఉన్నట్టు. ఓర్పు అలా కాదు, అది పుట్టుకతో వచ్చిన చామనఛాయ లాంటిదని వాళ్ళ ఉద్దేశం. దానికి ఎవరూ మార్కులు వెయ్యనక్కరలేదు.

అసలు డిఫెన్సుకీ ఓర్పుకీ చుట్టరికం ఎవరు కలిపారండీ? ఓర్చుకోవడం అంటే దెబ్బ తగిలాక నొప్పి బయటికి చెప్పకపోవడం. డిఫెన్సు అంటే దెబ్బ తగలకుండా చూసుకుంటూ, తిరిగి ఎక్కడ కొట్టాలో లెక్కపెట్టుకోవడం. 2024 నవంబరులో సింగపూరులో ప్రపంచ చాంపియన్‌షిప్పు జరిగింది. మొదటి ఆటలోనే మన చెన్నై తెలుగింటి కుర్రవాడు గుకేష్ రాజు ముందు బంటుని రెండు గళ్ళు తోశాడు. చైనా దేశపు డింగ్ లిరెన్ ఒక్క గడి జరిపాడు. అదే ఫ్రెంచి డిఫెన్సు. ఆ ఆట డింగే గెలిచాడు. పోటీ మొత్తం మీద కిరీటం గుకేష్‌దే అయిందనుకోండి, అది వేరే సంగతి. ఆ గుకేష్‌కి సాయంగా ఉన్నవాళ్ళలో మన గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ ఒకరు. 2001లోనే గ్రాండ్‌మాస్టరైన ఆ హరికృష్ణ ఫ్రెంచి డిఫెన్సు మీద పాఠాలు చెప్పినవాడు కూడా. మరి డింగ్‌ని గాని, హరికృష్ణని గాని "మీకు ఎంత ఓర్పండీ" అని ఎవరైనా మెచ్చుకున్నారా? వాళ్ళది లెక్క, మనది ఓర్పు!

ఇంత దూరం పోనక్కరలేదు. మా అమ్మమ్మ కాలంలో అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని పులి-మేక ఆడేవాళ్ళు. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేకని దూకి చంపుతుంది. మేక ఎవర్నీ చంపలేదు. అయినా ఆటలో గెలిచే దారి మేకలకీ ఉంది. ఎలాగంటే, ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా నిలబడి పులిని కదలనివ్వకుండా కట్టేస్తాయి. మేకలు ఓర్చుకుని గెలవవు. ఓర్చుకునే మేక పులి కడుపులోకి పోతుంది. దారి మూసిన మేకే గెలుస్తుంది. అష్టాచెమ్మాలో గవ్వల దయ ఉండాలి, పులి-మేకలో ఎవరి దయా అక్కర్లేదు. ఆ ఆట ఆడి పెరిగిన ముసలమ్మలకి ఫ్రెంచి డిఫెన్సు పేరు తెలియకపోవచ్చు గాని దాని రహస్యం తెలుసు.

ఇంకా దగ్గరగా చూడాలంటే మిరపకోతల కాలంలో మా ఊరు రండి. తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి కూర్చుని ఆడకూలీలు వస్తారు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, చేతులు మండుతున్నా సాయంత్రందాకా కాయ కోస్తారు. కల్లంలో కూర్చుని తాలుకాయ ఏరతారు. చూసిన ప్రతి పెద్దమనిషీ "ఆహా, ఏం ఓర్పు!" అంటాడు. ఆ మాటకి ఖర్చు లేదు గదా. కూలి పెంచమంటే మాత్రం అదే పెద్దమనిషి మొహం మాడుతుంది. మరి వాళ్ళేం చేస్తారనుకున్నారు? ఏడాది పొడుగునా గొడవపడరు. పండు ఎర్రబడి, మబ్బు పట్టి, ఇవాళో రేపో కొయ్యకపోతే రైతు గుండె ఆగేటట్టున్న రోజున, గట్టు మీద కూర్చుని నింపాదిగా తలగుడ్డ సర్దుకుంటూ "ఈ రేటుకి రామండీ" అంటారు. అందరూ ఒక్కమాట మీద ఉంటారు. రైతు అరుస్తాడు, తిడతాడు, చివరికి నాలుగు రాళ్ళు పెంచుతాడు. రైతు కష్టం నాకు తెలియనిది కాదు, మాదీ వ్యవసాయపు ఇల్లే. కాని ఆ గట్టు మీద కూర్చోవడం ఓర్పు అని ఎవరైనా అంటే నేను నవ్వుతాను. అది గురి చూసి వేసిన ఎత్తు.

ఇక రెండో మెచ్చుకోలు ఒకటుంది. మహిళాదినోత్సవం నాడు మైకు ముందు నిలబడిన ప్రతి మహాశయుడూ, "చదరంగంలో చూడండి, అన్నిటికన్నా బలం రాణిదే, రాజు ఒక్క గడి నడుస్తాడు, అదీ స్త్రీకి మనమిచ్చిన గౌరవం" అని చప్పట్లు కొట్టించుకుంటాడు. అయ్యా, మన తెలుగు చదరంగంలో రాణి ఎక్కడుంది? రాజు పక్కనున్నది మంత్రి. మీసాలున్న మంత్రి! బల్ల మీద ఉన్న పావుల్లో ఒక్క ఆడమనిషి లేదు. ఐరోపాలో దాన్ని రాణి అన్నారు, నిజమే. కాని ఇంత దూరం పరిగెత్తే బలం ఆ పావుకి పదిహేనో శతాబ్దం చివరికి గాని రాలేదు. అంతకుముందు అది ఐమూలగా ఒక్క గడి నడిచే అర్భకం. బలం పేరులో లేదు, నడవడానికి ఇచ్చిన చోటులో ఉంది.

మైకు మహాశయులకి తెలియని ఇంకో సంగతి చెబుతాను. ఇంట్లో మన స్థానం మంత్రిది కాదు. ఇందాక చెప్పానే, సొంత బంట్లే అడ్డమై మూలన పడ్డ శకటు, అది మనది. ఫ్రెంచి డిఫెన్సుకి చెల్లించవలసిన మూల్యం ఆ శకటే. రాజు క్షేమంగా ఉండాలంటే బంట్లు గోడ కట్టాలి, గోడ కడితే వెనకున్న ఆ శకటుకి దారుండదు. శత్రువు మూసింది కాదు, మనవాళ్ళే, మన మంచికోసమే మూశారు. "నీకేం తక్కువైందే, గోడ చాటున చల్లగా ఉన్నావుగా" అంటారు. నిజమే, చల్లగానే ఉంది. కాని ఆట తెలిసినవాడెవడూ దాన్ని అక్కడే వదిలెయ్యడు. ఆ శకటుని ఎలా బయటికి తేవాలా అన్నదే ఫ్రెంచి డిఫెన్సు ఆడే ప్రతివాడికీ పట్టుకునే చింత. కొందరు పక్కబంటుని జరిపి ఆ సందులోంచి బయటికి పంపుతారు. కొందరు ఒక్క గడి జరిపి, చుట్టు తిప్పి అవతలి పక్కకి తీసుకెళతారు. మూలనున్న శకటు కదలకుండా ఆట గెలుద్దామనుకునేవాళ్ళు ఇళ్ళల్లోనే ఉంటారు గాని చదరంగంలో ఉండరు.

"ఆడవాళ్ళకి ఇంత బుర్ర ఎక్కడిదిలే" అన్నవాళ్ళ కథ కూడా ఒకటి చెప్పాలి. వేరా మెంచిక్ అని మాస్కోలో పుట్టిన అమ్మాయి, 1927లో మొట్టమొదటి మహిళా ప్రపంచ చాంపియన్ అయింది. నల్లపావులు వస్తే తరచు ఫ్రెంచి డిఫెన్సే ఆడేది. 1929లో కార్ల్స్‌బాడ్ అనే ఊళ్ళో పెద్ద పోటీ జరిగితే, ఇరవైఒక్కమంది మగవాళ్ళ మధ్య ఈమె ఒక్కతే ఆడది. ఆల్బర్ట్ బెకర్ అనే ఆయన, ఈమె చేతిలో ఓడినవాళ్ళందర్నీ "వేరా మెంచిక్ క్లబ్బు"లో సభ్యులుగా చేర్చాలని వేళాకోళం చేశాడు. ఆ క్లబ్బుకి మొదటి సభ్యుడు ఎవరయ్యారంటారు? ఆ బెకర్‌గారే! తరవాత 1935లో ప్రపంచ చాంపియన్ అయిన మాక్స్ యూవే కూడా అంతకుముందే ఆమె చేతిలో రెండుసార్లు ఓడి ఆ క్లబ్బులో చేరాడు. మరి ఆ కార్ల్స్‌బాడ్ పోటీలో మెంచిక్‌కి వచ్చిన స్థానం ఏమిటో తెలుసా? ఆఖరుది. నాకు ఈ ముక్క అన్నిటికన్నా ఇష్టం. ఆఖర్న నిలిచినా సిగ్గుపడి ఆట మానెయ్యలేదు. 1944లో లండన్ మీద పడ్డ బాంబుకి చనిపోయేదాకా చాంపియన్‌గానే ఉంది.

"అవన్నీ సరే, ఈ వయసులో మనకెందుకమ్మా, పిల్లలకి నేర్పిస్తే చాలదూ?" అనే అక్కయ్యలున్నారు. వాళ్ళతో నాకు అసలు పేచీ. పిల్లలకి నేర్పించండి, వద్దన్నదెవరు? గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పదిహేనేళ్ళకే, 2002లో, గ్రాండ్‌మాస్టరైంది. 2017లో కూతురు పుట్టాక కొన్నాళ్ళు ఆట మానేసి, తిరిగొచ్చి 2019లో ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ చాంపియన్ అయింది, 2024లో మళ్ళీ అయింది. మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదినెలల కడుపుతో బల్ల ముందు కూర్చుంది. మన ఆడపిల్లల జట్టుకి కాంస్యం వచ్చింది. ఒలింపియాడ్‌లో వాళ్ళకి అదే మొదటి పతకం. 2024లో బుడాపెస్టులో స్వర్ణమే వచ్చింది, అందులోనూ హారిక ఉంది. వీళ్ళని చూసి గర్వపడాల్సిందే. కాని గర్వపడి, టీవీ కట్టేసి, పప్పు రుబ్బడానికి వెళ్ళిపోతే లాభమేమిటి? చాంపియన్ అయ్యే ఆడపిల్లకే ఆడే హక్కు ఉందనుకోవడం, పట్టుచీర కట్టుకున్నావిడకే పేరంటానికి పిలుపు అన్నట్టుంది. మగవాళ్ళు రచ్చబండ మీద పేకాడుతుంటే "నువ్వేమన్నా ప్రపంచ చాంపియన్ అవుతావా?" అని ఎవరైనా అడుగుతున్నారా? వాళ్ళకి ఆడటమే చాలు. మనకి మాత్రం పతకం చూపిస్తే గాని బల్ల ముందు కూర్చోనివ్వరు.

పోటీల్లో బల్ల పక్కన ఒక గడియారం ఉంటుంది చూశారా, నాకు పావులకన్నా అదే ముద్దొస్తుంది. ఇద్దరికీ సమానంగా టైము. నా వంతు వస్తే నా టైము నడుస్తుంది, అతని వంతు వస్తే అతని టైము. "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, నీ టైములోంచి ఒక పావుగంట ఇటివ్వు" అని అడగడానికి ఎంత పెద్దమనిషికీ వీల్లేదు. కనుమనాటి మా ఆటలో నేను ఆరుసార్లు లేచాను. ఒకసారి కాఫీకి, ఒకసారి అత్తయ్యగారి మాత్రలకి, ఒకసారి గేటు దగ్గర పాలమ్మాయికి, మిగతా మూడూ ఏ పిల్ల ఏడ్చిందో చూడటానికి. మా మరిది ఒక్కసారీ లేవలేదు. నేను వచ్చేదాకా నా ఎత్తుకి జవాబు ఆలోచించుకున్నాడు. ఓర్పు అని వాళ్ళు పేరు పెట్టింది ఈ ఆరుసార్లకే. ఫ్రెంచి డిఫెన్సు ఆడే ఏ మగవాడికీ ఆ ఆరు అదనపు ఎత్తులు ఉండవు.

అందుచేత నేను కోరేది పెద్ద కోరిక కాదు. ఆదివారం పూట ఒక గంట. చదరంగమే కానక్కరలేదు, పులి-మేకైనా సరే. ఆ గంటలో కాఫీ ఎవరి కప్పు వాళ్ళు కలుపుకోవాలి, మాత్రలు ఎవరైనా అందించాలి, మన టైము మన దగ్గరే నడవాలి. ఓడిపోతామా? ఓడిపోదాం. మెంచిక్ ఆఖర్న నిలవలేదూ? గెలిస్తే మాత్రం, ఎవరైనా వచ్చి "అబ్బ, ఎంత ఓర్పండీ మీకు!" అంటే పొంగిపోయి థాంక్స్ చెప్పకండి. "ఓర్పు కాదు నాయనా, ఈసారి నీ వెనకబంటు ఎక్కడుందో చూసుకో" అనండి.